ఐబ్ చెప్పి అమ్మిన కారు

కారు అంటే షాన్ అనుకునేటోళ్ళు ఇంక మన బిరాదరిల ఉన్నరు. మాకైతే అది అమ్మీ మోకాళ్ళ సవాల్. మా కేతేపల్లి నేషనల్ హైవే 65 మీదనే ఉంటది, అటు నకిరేకల్, ఇటు సూర్యాపేట. బస్సులకు తక్కువ లేదు. గని డెబ్బై దాటిన మనిషిని నెలకోసారి బస్సు మెట్లెక్కించి, వంద కిలోమీటర్లు దాటి హైదరాబాద్ తీస్కపోయి, అక్కడ మళ్ళ ఆటో మాట్లాడి దిల్ డాక్టరుకు చూపిచ్చుకొని వచ్చేసరికి, ఆమెకు పాత బీమారి మీద కొత్త బీమారి అంటుకున్నట్టు అయ్యేది. ప్రతిసారి టాక్సీ పెడితే నా జీతంల పెద్ద తునక దానికే పోయేది. జర్నలిస్టుల తన్‌ఖాలు ఎట్లుంటయో మీకు చెప్పనక్కర లేదు.

అందుకని పాత కారు కొందామని బేగం, నేను కూసోని హిసాబ్ చేసినం. బేగం బీసీ 1,20,000 వచ్చేది ఉండె. బీసీ అంటే మన ఆడోళ్ళు నెలనెల పైసలు జమ చేసి చిట్టీ తీసి ఒకరికి ఇచ్చేది. హర్రాజ్ పాడే చీటీల కోత ఉంటది, బీసీల ఎవరి పైసలు వాళ్ళకు పూరా వస్తయి. సౌదీల ఉన్న మా బడే భాయి 60,000 ఖర్జె హసనా ఇస్తనన్నడు. మా చేతుల ఇంకో 50,000 ఉన్నయి. మొత్తం 2,30,000.

లోను తీస్కుంటే ఇంకా మంచి బండి వస్తదని దోస్తులు చెప్పిన్రు. “సూద్ కట్టి కొన్న బండిల నేను దవాఖానకు రాను” అని అమ్మీ ఒక్కటే మాట అన్నది. దీన్ మాట పక్కన పెట్టినా, మామూలుగ కొత్త కారు లోను కంటె పాత కారు లోనుకు వడ్డీ ఎక్కువ పడ్తది. బండి విలువ ఏటేట తగ్గుతుంటే దాని మీద వడ్డీ కట్టుకుంట పోవుడు గరీబోనికి రెండు దిక్కుల నుక్సాన్.

బేగం ఒక ఉసూల్ పెట్టింది. 2,30,000 ఉన్నయంటే 2,30,000 కారు చూడొద్దు, 1,90,000 దాటొద్దు. మిగిలిన 40,000 ముట్టొద్దు. పాత బండి ఇంటికొచ్చిన మొదటి నెలల టైర్లో, బ్యాటరీయో, క్లచ్చో ఏదో ఒకటి అడుగుతది. ఇన్సూరెన్స్, ఆర్సీ మార్పుకు వేరే ఖర్చు. జేబు పూరా ఖాళీ చేసుకొని కొన్నోళ్ళ కార్లు గడప ముంగట కవర్ కప్పుకొని నిలవడుడు మా మొహల్లాలనే చూసిన.

ఇగ ఏ బండి? మేము నెలకు ఐదారు వందల కిలోమీటర్లు తిరుగుతం. అంత తక్కువ నడిపేటోళ్ళకు డీజిల్ అక్కర లేదు. డీజిల్ల మిగిలే పైసలు దాని మరమ్మతు మింగుతది. ఢిల్లీ నుంచి వచ్చే డీజిల్ బండ్లు సస్తల దొరుకుతయని ఆశ పెట్టేటోళ్ళు ఉంటరు. అక్కడ పదేండ్లు దాటిన డీజిల్ బండ్లు, పదిహేనేండ్లు దాటిన పెట్రోల్ బండ్లు నడుపొద్దని గ్రీన్ ట్రిబ్యునల్ చెప్తే, 2018ల సుప్రీంకోర్టు కూడ అదే చెప్పింది. అందుకే అక్కడ అవి సస్త. గని అక్కడి ఆర్టీవో ఎన్వోసీ తేవాలె, ఇక్కడ మళ్ళ లైఫ్ ట్యాక్స్ కట్టాలె. అవన్ని కలిపితే సస్త అన్న మాట ఎగిరిపోతది. మేము పెట్రోల్‌ది, చిన్నది, ఊరి మెకానిక్‌కు చేయి తిరిగినది కావాలనుకున్నం. వాగన్ ఆర్ అయితే సీటు జర ఎత్తుల ఉంటది, మోకాళ్ళ నొప్పులోళ్ళు వంగకుండ ఎక్కొచ్చు, దిగొచ్చు. అమ్మీని అయిదారు కార్లల్ల ఎక్కించి దింపినంకనే ఇది తయ్ అయింది. మీరు కూడ కొనేముందు ఇంట్ల పెద్దోళ్ళను ఒకసారి కూసోబెట్టి చూడుండ్రి.

మా హైవేకు రెండు దిక్కుల రెండు షహర్లు. ఒక దిక్కు హైదరాబాద్, 2020 అక్టోబర్ వరదల్ల మునిగింది. ఇంకో దిక్కు విజయవాడ, 2024 సెప్టెంబర్ల బుడమేరు పొంగి మునిగింది. రెండు చోట్ల కార్లు నీళ్ళల్ల నానినయి. హైదరాబాద్‌ల పడ్డ వాన మూసీల కలిసి మా కేతేపల్లి ప్రాజెక్టు గేట్ల దాక వచ్చినట్టే, ఆ నానిన బండ్లు కూడ కడిగి, పాలిష్ కొట్టి, ఈ రోడ్డు మీద ఎక్కడైన అమ్మకానికి నిలవడొచ్చు. అందుకని సీటు బెల్టును చివరి దాక గుంజి చూడాలె, బురద గీత ఉంటె కనవడ్తది. కింద మ్యాట్ లేపి, సీటు పట్టాల తుప్పు చూడాలె. అద్దాలు మూసి పది నిమిషాలు కూసుంటె బూజు వాసన అత్తర్ కొట్టినా దాగదు.

మొదటి బండి చూపిచ్చినోడు ఒక డీలర్. సలాం చెప్పి, చాయ్ తాపిచ్చి, “అల్లా కసమ్ భాయ్, ఇంజన్‌ల చేయి పెట్టలేదు, డాక్టర్‌సాబ్ నడిపిన బండి” అన్నడు. మేము పోయేసరికి ఇంజన్ వేడిగ ఉన్నది. నేను సూర్యాపేట నుంచి ఒక మెకానిక్ మామూను వెంట తీస్కపోయిన, పూటకు 1,000 రూపాయలు ఇచ్చి. ఆయన బోనెట్ మీద అరచెయ్యి పెట్టి నా దిక్కు చూసి నవ్విండు. వేడి ఇంజన్ ఎవరికైన ఎక్కుతది, చల్లటి ఇంజన్ ఎక్కుడే ఇమ్తెహాన్. మరునాడు పొద్దున చెప్పకుండ పోయినం. స్టార్ట్ చేస్తే వెనుక నీలం పొగ వచ్చింది. నీలం పొగ అంటే ఇంజన్ ఆయిల్ కాలుతున్నది. మీటర్ 48,000 చూపిస్తున్నది గని క్లచ్, బ్రేక్ పెడళ్ళ రబ్బరు అరిగి నున్నగ అయింది. కసమ్ ఆయన దగ్గరనే వదిలిపెట్టి వచ్చేసినం.

రెండో బండి సూర్యాపేట దిక్కు ఒక రిటైర్డ్ సార్‌ది. 2013 రిజిస్ట్రేషన్, ఏపీ 24 నంబరు, పాత నల్గొండ జిల్లాది. ఒక్కటే చేతి బండి. ఆయన మేము అడగకముందే ఒక నోటుబుక్కు తెచ్చి టేబుల్ మీద పెట్టిండు. ఎప్పుడు ఆయిల్ మార్చిండు, ఏ కిలోమీటర్ల దగ్గర ఏం ఖరాబ్ అయింది, అంత తేదీలతోని రాసిపెట్టిండు. “బాబూ, ముందే మూడు మాటలు చెప్తున్న. ఎడమ డోరుకు బర్రె తాకితే మళ్ళ రంగేపిచ్చిన. క్లచ్ ఆరునెలలకంటె ఎక్కువ రాదు. ఏసీ సరిగ సల్లగ కాదు. ఇవన్ని చూసుకొనే 1,95,000 చెప్తున్న” అన్నడు.

మామూ ఆయన మాట మీద ఆగలేదు, ఆగొద్దు కూడ. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసిండు. ఆయిల్ మూత తీసి కింద మీగడ లెక్క తెల్లటిది ఉన్నదా చూసిండు. ఉంటె ఆయిల్ల నీళ్ళు కలుస్తున్నట్టు అనుమానం. టైరు మీద నాలుగు అంకెలు చదివిండు, 2319 అని ఉంటె 2019ల 23వ హఫ్తాల తయారైందని. బోనెట్, ఫెండర్ బోల్టుల మీద పానా పడ్డ గీతలున్నయా, లోపలి అంచుల వెల్డింగ్ మళ్ళ చేసిన్రా చూసిండు. ఛాసిస్ నంబరు, ఇంజన్ నంబరు ఆర్సీతోని పోల్చిండు. హైవే మీద స్టీరింగ్ వదిలితే ఒక దిక్కు గుంజుతదా, ఊరి గుంతల రోడ్డు మీద సస్పెన్షన్ మోగుతదా నడిపి చూసిండు. గంటన్నర తర్వాత వచ్చి, “సార్ చెప్పిన మూడే. నాలుగోది నాకు దొరకలేదు” అన్నడు.

అసలు ముష్కిల్ అప్పుడు మొదలైంది. మా సాడూభాయి బేరంల ఉస్తాద్. ఆయన నన్ను పక్కకు పిలిచి, “క్లచ్, ఏసీ, డోరు. నోటితోనే ఒప్పుకున్నడు. ఒక్కొక్కదానికి పదిహేను వేలు కోసి 1,50,000 కాడ నిలవడు. ముసలోడు, బండి నడపలేకపోతున్నడు, ఇస్తడు” అన్నడు. అది గలత్ హిసాబ్ అని నేను చెప్పలేకపోయిన. నలభై వేలంటే మాకు చిన్న రకం కాదు. భాయికి ఇచ్చే ఖర్జ్‌ల సగం కంటె ఎక్కువ తీరుతది.

అమ్మీ అప్పటికే కారుల కూసోని తస్బీహ్ తిప్పుతున్నది. సంగతి విని దక్కనీల మెల్లగ అన్నది: “బేటా, ఐబ్ బోల్‌కే బేచ్‌నే వాలే కా దిల్ నకో దుఖా.” లోపం చెప్పి అమ్మెటోని మనసు నొప్పియ్యకు అని.

ఐబ్ చెప్పుడు అమ్మెటోని ఫర్జ్ అని మనం మస్తు విన్నం. బాజార్ల ధాన్యం కుప్పల ప్రవక్త (స) చెయ్యి పెడితే లోపల తడి తగిలిన వాఖియా మన పిల్లలకు కూడ తెలుసు. తడిసింది పైన ఎందుకు పెట్టలేదని అడిగిన్రు. దాచిన లోపం తర్వాత బయటపడితే సరుకు వాపస్ ఇచ్చే హఖ్ కొన్నోనికి ఉంటది, ఫిఖహ్‌ల దాన్ని ఖియారె ఐబ్ అంటరు. ఇదంత అమ్మెటోని మీద. మరి కొనెటోని మీద ఏమున్నది? డీలర్ దాచిండు, ఆయనతోని మేము మర్యాదగ చాయ్ తాగి వచ్చినం. సార్ చెప్పిండు, ఆయన చెప్పిన మాటనే కత్తి చేసి ఆయన మీద పెడ్తమా? రేపు ఆయన చుట్టాలల్ల ఎవరన్న బండి అమ్మితే, “ఏం చెప్పకు, చెప్తే నష్టపోతవు” అని ఆయననే నసీహత్ ఇస్తడు. బాజార్ల ధోకా పెరిగిందని ఏడ్చెటోళ్ళల్ల, నిజం చెప్పినోన్ని ముందు కోసేటోళ్ళు కూడ ఉంటరు.

బేరం చేసుడు హలాలే. నేను కూడ చేసిన. “సార్, ఐబ్‌లు తీసేసే రేటు చెప్పిన్రు, వాటి మీద మళ్ళ కొయ్య. గని మా దగ్గర హద్దు 1,90,000” అని ఉన్నది ఉన్నట్టు చెప్పిన. ఆయన ఒక నిమిషం చూసి సరేనన్నడు. సాడూభాయి వారం రోజులు నాతోని సరిగ మాట్లాడలేదు.

నమ్మకం కుదిరింది గదా అని కాగజ్ మర్చిపోవద్దు. ఖురాన్‌ల అన్నిటికంటె పెద్ద ఆయత్, సూరె బఖరాల 282వది, అప్పుల లావాదేవీలు రాసుకోవాలె, గవాహులను పెట్టుకోవాలె అని చెప్పేదే. నేను ఉర్దూ మీడియంల చదివి తెలుగుల డిగ్రీ చేసిన. దస్తావేజు, రసీదు, జామీను, వసూలు, బాకీ, ఈ తెలుగు లెక్కల మాటలన్ని మన ఇండ్లల్ల మాట్లాడేవే. మాటలు మనయి, రాసుకునే ఆదత్ మాత్రం మనకు తక్కువ.

మేము తేదీ, టైము, కిలోమీటర్లు, మూడు ఐబ్‌లు, ఇచ్చిన రకం అన్ని రాసి, ఇద్దరు గవాహులతోని సంతకాలు చేసుకున్నం. పైసలు బ్యాంకు నుంచి బ్యాంకుకు పంపినం. ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు అదే రోజు అయినయి. పాత లోను ఉంటె బ్యాంకు ఎన్వోసీ, ఫారం 35 కూడ కావాలె. ఆర్సీ, చలాన్లు, ఇన్సూరెన్స్ ఆన్‌లైన్ల ముందే చూసుకున్నం. ఇన్సూరెన్స్ పేరు మార్పుకు 14 రోజుల లోపల దరఖాస్తు పెట్టాలె. ఆర్సీ మార్పు తర్వాత చూద్దామని వదిలిపెడితే అమ్మినోనికే ముప్పు. బండి చేతులు మారినా ఆర్సీల పేరు ఎవరిదో, ప్రమాదం జరిగితే జవాబ్దారీ వాళ్ళదేనని 2018ల సుప్రీంకోర్టు నవీన్ కుమార్ కేసుల చెప్పింది. నిజం చెప్పి అమ్మిన సార్ నెత్తి మీద మా డ్రైవింగ్ బరువు పెట్టుడు ఎక్కడి ఇన్సాఫ్? ఫాస్టాగ్ కూడ పాతది బంద్ చేపిచ్చి కొత్తది తీస్కున్నం. మా మండలంలనే కొర్లపహాడ్ టోల్ ఉన్నది, లేకపోతే ఊరు దాటంగనే సార్ అకౌంట్ల పైసలు కట్ అవుతుండె.

బేగం దాచిన 40,000 ఇట్ల పోయినయి: క్లచ్ 8,000. ఆయిల్, ఫిల్టర్లు, బ్రేక్ ప్యాడ్లు 5,500. రెండు టైర్లు 7,000. ఇన్సూరెన్స్, ఆర్సీ మార్పు 9,000. మిగిలిన 10,500 ఏసీ కోసం ఎండాకాలం దాక ఆగినయి. రిజిస్ట్రేషన్ 2028 దాక ఉన్నది. ఆ తర్వాత ఫిట్‌నెస్ చూపిచ్చుకొని ఐదేండ్లకు రెన్యూవల్ చేసుకోవాలె, దానికి ఇప్పటి నుంచే నెలకు కొంత పక్కకు పెడ్తున్నం.

సార్ నోటుబుక్కు డాష్‌బోర్డులనే ఉన్నది. ఆయన రాసిన ఆఖరి లైను కింద మా బిడ్డ గీత కొట్టి క్లచ్ మార్చిన తేదీ రాసింది. వెనుక బంపర్‌కు మొన్న మా గల్లీ గోడ తాకితే అది కూడ ఎక్కిచ్చినం. ఈ బండిని ఎప్పుడో ఒకరోజు మేము కూడ అమ్ముతం. అప్పుడు కొనొచ్చినాయనకు చాయ్ కంటె ముందు ఆ బుక్కే చేతికిస్తం, ఇన్షా అల్లాహ్. ఆయన పక్కన కూడ ఒక సాడూభాయి ఉంటడేమో, చూద్దాం.