చెట్టు కిందే తాగాలి

నాసిక్ వెళ్లినవాళ్లు ద్రాక్షతోటల్లో కూర్చుని తెల్ల వైన్, ఎర్ర వైన్ వాసన చూసి, చప్పరించి, రుచుల గురించి మాట్లాడుకుని వస్తున్నారు. సిక్కోలులో పుట్టిన నేనూ నా భార్యా ఆ శ్రద్ధ మన కల్లు మీద పెట్టాలనుకున్నాం. అందుకు మాఘమాసం మంచి అదను. ఈత కల్లు ఇంకా దొరుకుతుంది, తాటి కల్లు మొదలవుతుంది, కొండల్లో జీలుగు పారుతూ ఉంటుంది.

సోంపేట దగ్గర బారువకు చీకటుండగానే చేరాం. గీతకారుడు అప్పటికే చెట్టు దిగుతున్నాడు. పోతుతాడు గెల కొసను పొద్దునా సాయంత్రం చెక్కుతూ ఉంటేనే రసం కారుతుంది. చెక్కు మందమైతే గెల తొందరగా అరిగిపోతుంది, మరీ పల్చనైతే ధార సన్నగిల్లుతుంది. అంత ఎత్తున, ఒంటి చేత్తో, ఆ కొలత తప్పకుండా కత్తి ఆడించాలి.

"ఇప్పుడే దించినానమ్మా, తాగండి. ఎండెక్కితే పులిసిపోద్ది" అంటూ ముంత ముందు నా భార్యకే అందించాడు.

లేత కొబ్బరినీళ్లలా తియ్యగా మొదలై, నాలుక చివర చురుక్కుమంది. కుండలోనే ఉండే ఈస్ట్, రసం పడీ పడగానే పని మొదలుపెడుతుంది. కొన్ని గంటల్లో నాలుగైదు శాతం ఆల్కహాల్ చేరుతుంది, ఆపైన పులుపు, చివరికి వెనిగర్. కుండ లోపల సున్నం పూస్తే పులియక నీరాగా మిగులుతుంది. ఎండ ముదిరాక అదే కుండలోది మళ్లీ రుచి చూశాం. తీపి పోయింది, ఘాటు వచ్చింది. పక్కనే ఈత కల్లు. దానికి గెలతో పని లేదు, మొవ్వు దగ్గర మానునే చెక్కుతారు. అది పల్చన, చల్లన, ఇంకా తీపి.

బారువ సర్దార్ గౌతు లచ్చన్న పుట్టిన ఊరు. మద్యనిషేధంతో బతుకు పోయిన గీత కార్మికుల కోసం ఆయన పోరాటం నడిపారు. ఆ వివాదం మీదే 1954 నవంబరులో ఆంధ్ర రాష్ట్రంలో ప్రకాశం ప్రభుత్వం ఒక్క ఓటుతో పడిపోయింది. ఈ ముంతకు అంత చరిత్ర ఉందని ఆ తోటలో నిలబడి తలచుకుంటే ఒళ్లు గగుర్పొడిచింది.

మరో పొద్దున్న పాలకొండ మీదుగా సీతంపేట కొండలెక్కాం. జీలుగు చెట్టుకు వెదురు గడే నిచ్చెన, కణుపుల దగ్గర వదిలిన కొమ్మ మొదళ్లే మెట్లు. సవర పెద్దాయన ముందు కొంచెం నేల మీద ఒలికించి, పెద్దల్ని తలచుకుని, అడ్డాకు దొప్పల్లో పోశాడు. చిక్కటి కల్లు, మొదట వగరు, మింగాక చేదు. ఈ చెట్టు ఏళ్ల తరబడి పెరిగి, పైనుంచి కిందికి ఒక్కో గెలా వేసి, ఆఖరి గెల కాయలు పండాక చచ్చిపోతుంది. అది తెలిశాక దొప్పలో చుక్క మిగల్చలేకపోయాం.

ఇంటికి సీసాలో పట్టుకెళ్లొచ్చా అని మా ఆవిడ అడిగితే, "దారిలోనే పొంగిపోద్దమ్మా, మల్లీ రండి" అన్నాడాయన. క్లోరల్ హైడ్రేట్ కలిపిన కల్తీ కల్లు ప్రాణాలు తీస్తున్న కాలంలో, చెట్టు కింద తాగడమే నమ్మకమైన పద్ధతి కూడా.

పాలకొండ బస్సులో తీర్పులు చెప్పుకున్నాం. ఆమె ఓటు ఈతకు. పొద్దుటి తాటి కల్లును మించింది లేదని నా వాదన. జీలుగు గురించి మాత్రం ఇద్దరం ఒక్క మాటే అనుకున్నాం: దాన్ని ఇంకోసారి తాగితేగానీ చెప్పలేం.