ఒక గంట తగ్గితే...

“ఈ వయసులో నీకు కోలాటం అవసరమా అమ్మా?”

కిందటి సెప్టెంబరులో ఇంగ్లండ్‌లోని లెస్టర్ నుంచి వాట్సాప్ కాల్‌లో నేనన్న మాట ఇది. నేను సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. ఆన్‌సైట్‌కి వెళ్లి అప్పటికి నాలుగు నెలలు. ఇక్కడ జంగారెడ్డిగూడెంలో అమ్మ వాళ్ల కోలాటం జట్టుకి తిరుమల బ్రహ్మోత్సవాల్లో, మాడవీధుల్లో వాహనం ముందు ఆడే అవకాశం వచ్చింది. మొత్తం పదహారు మంది ఆడవాళ్లు. మా ఊరికి రైలు లేదు కాబట్టి బస్సు మాట్లాడుకున్నారు. రాత్రంతా ప్రయాణం. అమ్మకి యాభై ఎనిమిదేళ్లు, పైగా మోకాళ్ల నొప్పులు.

“టీవీలో లైవ్ వస్తుంది కదా, ఇంట్లో కూర్చుని హాయిగా చూడు” అన్నాను.

అమ్మ వాదించలేదు. “సరేలే నాన్నా” అంది. ఆఫీసులో ఓ టికెట్ క్లోజ్ చేసినట్టు ఫోన్ పెట్టేసి నా పనిలో పడిపోయాను.

ఆ శనివారం ఏమీ తోచక రైలెక్కి పక్క ఊరు లాఫ్‌బరో వెళ్లాను. అక్కడ టేలర్ గంటల ఫౌండ్రీ ఉంది. లండన్ సెయింట్ పాల్స్ కెథడ్రల్‌లో ఉన్న ‘గ్రేట్ పాల్’ అనే గంటని 1881లో ఇక్కడే పోతపోశారు. బరువు దాదాపు 17 టన్నులు! గంటల లోహం ఏమిటా అని చూస్తే రాగి సుమారు 77 పాళ్లు, తగరం 23 పాళ్లు. అంటే మన కంచే. మన గుళ్లో జేగంటకి ఇది దూరపు చుట్టం అన్నమాట.

నాతోపాటు టూర్‌లో అమెరికా నుంచి వచ్చిన ఓ గుంపు ఉంది. పధ్నాలుగు మంది, చాలామంది రిటైరైనవాళ్లే. వాళ్లదో హ్యాండ్‌బెల్ బృందం. గంటలు పుట్టిన ఊళ్లు, పాత గంటస్తంభాలు చూస్తూ, దారిలో చర్చిల్లో వాయించుకుంటూ తిరుగుతున్నారట. సాయంత్రం దగ్గర్లోని చర్చిలో వాయిస్తున్నాం, రమ్మన్నారు. వెళ్లాను.

హ్యాండ్‌బెల్ వాయిద్యం విచిత్రంగా ఉంటుంది. మామూలుగా ఒక్కొక్కరికి రెండు గంటలు, చేతికొకటి. అంటే ఒకరి చేతుల్లో స, రి ఉంటే పక్కవాళ్ల చేతుల్లో గ, మ. ఏ ఒక్కరూ పాట మొత్తం వాయించలేరు. తన వంతు వచ్చినప్పుడు తన స్వరం మోగించాలి, అంతే. చెమట తగిలితే కంచు మెరుపు పోతుందని అందరూ గ్లవ్స్ వేసుకుంటారు.

ఇవి మొదట్లో గంటస్తంభాల్లో మోగించేవాళ్ల ప్రాక్టీసు కోసం వాడుకున్నవట. చలిలో మెట్లెక్కక్కర్లేదు, ఊరివాళ్ల నిద్ర చెడదు. అమెరికాకి ఈ సరదా బాగా అంటించిన మనిషి బోస్టన్‌కి చెందిన మార్గరెట్ షర్‌క్లిఫ్. 1902లో తండ్రితో లండన్ వెళ్లి, అక్కడి స్తంభాల్లో గంటలు మోగించి, బహుమతిగా వచ్చిన చేతిగంటలతో ఇంటికి తిరిగొచ్చింది. అంటే ఈ కథే ఓ ప్రయాణంతో మొదలైంది.

ఆ బృందంలో ఒకావిడ డెబ్బై దాటినట్టుంది. చేతికర్ర పక్కన పెట్టి, మోకాలికి పట్టీతో నిలబడి వాయించింది. అయిపోయాక ఆగలేక అడిగేశాను, “ఇంత దూరం రావడం కష్టంగా లేదా?” అని.

ఆవిడ నవ్వింది. “కష్టమే. కానీ నేను రాకపోతే నా రెండు స్వరాలు ఎవరు వాయిస్తారు?”

ఆ మాట నాతోపాటు రైలెక్కింది. రాత్రి గదికొచ్చి ఇంకా చదివాను. స్తంభాల్లో గంటలు మోగించేవాళ్లు పాట వాయించరు, వరస మారుస్తారు. కాలేజీలో చదివిన పర్ముటేషన్సే! ఎనిమిది గంటలకి మొత్తం 40,320 వరసలు. 1963లో లాఫ్‌బరో ఫౌండ్రీ గంటస్తంభంలోనే ఎనిమిది మంది, ఒక్కరు కూడా మారకుండా, దాదాపు 18 గంటల పాటు అవన్నీ మోగించారు. మళ్లీ మొదటి వరసకొచ్చి ఆపారు. ఒక్కళ్లు చేతులెత్తేసినా ఏడుగురి శ్రమ బూడిదలో పోసిన పన్నీరే.

మర్నాడు పొద్దున్నే అమ్మకి ఫోన్ చేశాను. “నువ్వు వెళ్లమ్మా, మోకాళ్ల సంగతి తర్వాత చూద్దాం.”

“జట్టు నిన్న రాత్రే బయల్దేరిపోయిందిరా” అంది. కాసేపాగి, “పక్కింటి పిన్ని కూడా ఆగిపోయింది. నా జత తనే కదా. పధ్నాలుగు మందే వెళ్లారు” అంది.

ఒక్క అమ్మని ఆపాననుకున్నాను. ఇద్దరిని ఆపాను. కోలాటంలో జత లేకపోతే కర్ర గాల్లోకే పోతుందని చిన్నప్పట్నుంచీ చూస్తున్నవాణ్ణి, ఆ లెక్కే మర్చిపోయాను. “టీవీలో లైవ్ చూశావా?” అని అడగడానికి నోరు రాలేదు.

సంక్రాంతికి సెలవు పెట్టి ఊరొచ్చాను. ఓ సాయంత్రం పారిజాతగిరి మీద అమ్మ వాళ్లు జడ కోలాటం ఆడారు. పైన కట్టిన రంగు తాళ్లు, ఒక్కో చేతిలో ఒక్కోటి. కిందనుంచీ పైనుంచీ దాటుకుంటూ వెళ్తుంటే జడ అల్లుకుంటుంది. తర్వాత అవే అడుగులు వెనక్కి వేస్తూ విప్పుకొస్తారు. ఎక్కడా రాసుకోరు, అంతా గుర్తే. మొదలుపెట్టిన చోటికే వచ్చి ఆగుతారు. నాకు లాఫ్‌బరో గుర్తొచ్చింది. ఇది చూడ్డానికి అంత దూరం పోవాల్సొచ్చిందే అనిపించింది.

మధ్యలో అమ్మ మోకాలు పట్టుకుని ఒక్క క్షణం ఆగింది. అందరూ తాళ్లు అలాగే పట్టుకుని ఆగారు. పిన్ని “ఏం పర్లేదు, నెమ్మదిగా రా” అంది. అమ్మ అడుగేశాక మళ్లీ కదిలారు.

శ్రీరామనవమికి జట్టు భద్రాచలం వెళ్తోంది. ఈసారి బస్సు నేనే మాట్లాడాను. ముందు వరసలో, కాళ్లు చాపుకునే చోటు, రెండు సీట్లు. ఒకటి అమ్మకి, ఒకటి పిన్నికి.