చిలుకకు వంట

ఇంటికి వచ్చిన అతిథి దేవుడని పెద్దలు చెప్పిరి గాని, ఆ అతిథి వడ్డించిన దానిని ముక్కుతో నెత్తి గోడకు విసరినచో నేమి చేయవలెనో చెప్పలేదు. ఈ సందేహము నాకు ప్రతిదినము ఉదయము ఆరున్నర గంటలకు కలుగుచుండును. ఏలయన ఆ వేళకు నేను మా కాకటీలు పక్షికి భోజనము సిద్ధపరచి, గిన్నెను పంజరమున నుంచి, తీర్పు కొఱకు చేతులు కట్టుకొని నిలుచుందును.

మా చిన్ననాట వసారాలో వ్రేలాడిన పంజరమందలి రామచిలుకకు జామకాయ చెక్క, పండుమిరపకాయ, నాయనమ్మ విస్తరిలోని నాలుగు మెతుకులు చాలియుండెను. మిరపకారము మన నోటిని మండించునట్లు పక్షుల నోటిని మండింపదని పెద్దవాడనైన పిదప చదివితిని; అంతవఱకు దాని ధైర్యమునే మెచ్చుకొనుచుంటిని. రామచిలుకను బంధించుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి నేరము గనుక నేడది చెట్టుమీదనే చూడదగినది. మా యింటిది ఆస్ట్రేలియా మూలముగల శుకవంశమున జనించి, తలపై పసుపు జుట్టును, చెక్కిళ్లపై నారింజ చుక్కలును దాల్చి, 90 గ్రాముల బరువుతో ఇల్లంతయు శాసించునట్టిది.

తెచ్చిన నాడు దానికి పొద్దుతిరుగుడు గింజ తప్ప లోకమున మఱొక తిండి కలదని తెలియదు. ఆ గింజలలో కొవ్వు హెచ్చనియు, 'ఏ' విటమిను తక్కువనియు, వానితోనే పెరిగిన పక్షికి కాలేయము చెడుననియు పశువైద్యుడు హెచ్చరించుటతో వంటభారము నాపై బడినది. ముందటి రాత్రి నానవేసిన పిడికెడు పెసలను ఉదయమున తడిగుడ్డలో మూటకట్టి, మఱునాటికి తెల్లని మొలక తలయెత్తగానే రెండుమార్లు కడుగుదును. పులిసిన వాసన లేశమైన తగిలినచో పారబోయుదును. కొఱ్ఱలను పలుకుగా వండి, పళ్లెమున నారబోసి, ఉడికిన చిలగడదుంపను, క్యారెట్టు తురుమును, దూసిన మునగాకును, ఆ మొలకలను కలుపుదును. ఉప్పు లేదు, నూనె లేదు, తాలింపు లేదు. ఉల్లి దానికి చేటు, అవకాడో సాక్షాత్తు విషమే. నాన్‌స్టిక్ పెనము మాడినప్పుడు వెలువడు ఆవిరి పక్షుల ప్రాణము తీయునని తెలిసి మా అట్ల పెనమును సైతము మార్చితిమి. "పదేళ్లుగా నేనడిగిన ఇనుప పెనము పిట్ట అడుగకుండగనే వచ్చినది" అని నా భార్య యనును. అందులకు నా యొద్ద సమాధానము లేదు.

ఇంత చేసినను అది తినుటకు మూడువారములు పట్టినది. తడి మేతలో నాలుగు పొద్దుతిరుగుడు గింజలు దాచితిని. వానిని త్రవ్వుకొనునప్పుడైనను ముక్కునకంటిన తురుము రుచి తెలియునని ఆశ. గుంపుగా తిను జాతి గదా యని, దాని యెదుట కూర్చుండి పచ్చి క్యారెట్టును కరకర నమలితిని. అది తల పక్కకు వంచి, ఒంటికంట నన్ను చూచి, జాలిపడినట్లు తోచినది.

బాణభట్టుని కాదంబరిలో శూద్రకుని కొలువునకు వచ్చిన వైశంపాయనమను చిలుక, భుజించితివా యని రాజడుగగా, నేరేటిపండ్ల రసమును, దానిమ్మ గింజలను, ఉసిరికలను వర్ణించి వర్ణించి, తుదకు రాణులు స్వహస్తములతో తెచ్చి యిచ్చినది ఏదైనను అమృతమే యగునని ముగించును. కవి చమత్కారమని తలచితిని గాని, మా పక్షియు గిన్నెలో త్రోసివేసిన మునగాకునే నా భార్య వ్రేళ్లనుండి కన్నులరమూసి అందుకొనుచున్నది. వండినవాని పేరు వంటింటనే ఉండిపోయినది.

వేసవిలో తడి మేత గంట దాటినచో చెడును గనుక గిన్నె తీసి కడుగుదును. కుండలో మిగిలిన కొఱ్ఱల నేమి చేయుట? నిన్న వానికి ఉప్పు చేర్చి, నిమ్మకాయ పిండి, ఎండుమిరపకాయలతో తాలింపు పెట్టుకొంటిని. ఆవాలు చిటపటలాడగానే పంజరములోనిది జుట్టు నిక్కించి ఈల వేసినది.