సూరత్‌లో ఒక మాట వినబడాలంటే

వరంగల్లులో నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కిన ప్రయాణికుడు మంచిర్యాల దగ్గర గోదావరిని దాటి, విదర్భ పత్తిచేలను, ఖాందేశ్ అరటితోటలను వెనుకకు నెట్టి, తపతీనది లోయ వెంట పడమటికి సాగిపోతాడు. ఉధనా జంక్షన్ సమీపించేసరికి బోగీలో మూటలు కిందికి దిగుతాయి, పిల్లలను నిద్ర లేపుతారు, తెలుగు మాట ఒక్కసారిగా బిగ్గరగా వినిపిస్తుంది. సూరత్ తెలుగువారు గట్టిగా మాట్లాడతారని వారి బంధువులు హాస్యమాడడం కద్దు. ఆ హాస్యం వెనుక ఉన్న కారణం మాత్రం నవ్వదగినది కాదు.

పురాణాలు తపతిని సూర్యుని కుమార్తె అన్నాయి. ఆమె ఒడ్డున వెలసిన ఈ రేవు పట్టణం చూడని వైభవమూ లేదు, పడని కష్టమూ లేదు. 1608లో విలియం హాకిన్స్ నాయకత్వాన ఈస్టిండియా కంపెనీ ఓడ ‘హెక్టర్’ ఇక్కడికి చేరింది. 1664లోను, 1670లోను శివాజీ సైన్యం ఈ నగరాన్ని కొల్లగొట్టింది. 1907లో కాంగ్రెసు మహాసభ అతివాదులుగా, మితవాదులుగా చీలిపోయింది ఇక్కడే. 1994లో ప్లేగు భయంతో లక్షల మంది ఊరు విడిచారు. 2006 ఆగస్టులో ఉకాయ్ ఆనకట్ట నుంచి వదిలిన నీరు నగరంలో అధిక భాగాన్ని ముంచివేసింది. ప్రతిసారీ సూరత్ తేరుకున్నది, తిరిగి మగ్గం ముందు కూర్చున్నది. నేడు వజ్రాలకు సాన పట్టడం, కృత్రిమ దారంతో వస్త్రాలు నేయడం ఈ నగరానికి రెండు చేతులు.

ఆ రెండవ చేతికి బలమిచ్చినవారిలో తెలుగువారున్నారు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాలలో చేతిమగ్గం అన్నం పెట్టని కాలాన పద్మశాలి కుటుంబాలు భివండికి, షోలాపూరుకు వెళ్లినట్లే సూరత్‌కూ తరలివచ్చాయి. లింబాయత్ వంటి పేటలలో తెలుగు బోర్డులు, మార్కండేయుని పటాలు, బతుకమ్మ పాటలు కనిపించి వినిపించడం అందువల్లనే. నగరపాలక సంస్థ గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, ఇంగ్లీషులతో పాటు తెలుగు మాధ్యమంలో కూడా ప్రాథమిక పాఠశాలలు నడుపుతున్నదంటే ఈ వలస ఎంత పాతుకున్నదో ఊహించవచ్చును.

మరమగ్గాల షెడ్డులో అడుగు పెట్టిన కొత్తవానికి మొదట ఏమీ కనిపించదు, మోత మాత్రమే తెలుస్తుంది. నాడె ఒక కొస నుంచి మరొక కొసకు దెబ్బతో దూసుకుపోతుంది, అచ్చు పేకను గట్టిగా మోదుతుంది. ఒక్క మగ్గం నిమిషానికి నూరుసార్లకు పైగా ఈ పని చేస్తుంది. అట్టి మగ్గాలు డజన్లకొద్దీ ఒక రేకుల కప్పు కింద ఆడుతుంటే శబ్దం 90 డెసిబెళ్లను మించిపోతుంది. పన్నెండు గంటల షిఫ్టు అక్కడ వింత కాదు. సంవత్సరాల తరబడి అందులో గడిపిన చెవి మొదట పోగొట్టుకునేది 4,000 హెర్ట్జుల పరిసరాలలోని సన్నని ధ్వనులను. మనిషి మాటలో స, శ, త, ప వంటి హల్లులు స్పష్టంగా విడివడేది ఆ పై స్థాయిలలోనే. అచ్చులు వినిపిస్తాయి, హల్లులు జారిపోతాయి. మాట్లాడుతున్నారని తెలుస్తుంది, ఏమి మాట్లాడుతున్నారో తెలియదు.

లింబాయత్‌లో అట్టి ఇంటినొకదానిని పాఠకుడు ఊహించుకోవచ్చును. పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు గల ముందుగది. గోడకు పెద్ద టెలివిజన్. మంచం మీద ముప్పై ఏళ్లు మగ్గం నడిపిన తండ్రి. ఆదివారం తెలుగు సినిమా వస్తున్నది. “గట్టిగ పెట్టు బిడ్డా, ఏమంటున్నడో ఇనబడ్తలేదు” అంటాడు తండ్రి. కూతురు శబ్దం పెంచుతుంది. ఫైటు వచ్చేసరికి ఇల్లు అదురుతుంది, తల్లి చెవులు మూసుకుంటుంది. తగ్గిస్తే మళ్లీ మాట పోతుంది. కొత్త టెలివిజన్ల పలుచని ఒంట్లో స్పీకర్లకు చోటు లేక వాటిని వెనుకకో కిందికో తిప్పి బిగిస్తారు. అందువల్ల చెవి బాగున్నవారికే మాట మసకగా వినబడుతుంది. కొలువులో చేరిన కూతురు హోమ్ థియేటర్ రిసీవర్ కొనాలని తలపెట్టడంలో విలాసం కన్న అవసరమే ఎక్కువ. కాని దాని ధర నేతగాని నెల సంపాదనను మించేది. తప్పు ఎన్నిక చేస్తే దిద్దుకునే స్తోమత ఆ ఇంటికి లేదు.

రిసీవర్ అనే పేరు రేడియో నాటిది. రేడియో గ్రాహకాన్ని, ఆంప్లిఫయర్‌ను ఒకే పెట్టెలో కూర్చినప్పుడు ఆ పేరు వచ్చింది. నేటికీ చాలా వాటిలో ఎఫ్.ఎం. రేడియో ఉంటుంది. దాని ముఖ్యమైన పని టెలివిజన్ నుంచి వచ్చిన ధ్వనిని విడదీసి, ఏ స్పీకరుకు చెందినది ఆ స్పీకరుకు పంపడం. అన్నీ ఒకే కడ్డీలో ఇమిడిన సౌండ్‌బార్ దీనికన్న చౌక. ఐతే రిసీవర్‌కు మగ్గానికున్న గుణమొకటి ఉన్నది. ఒక భాగం చెడితే ఆ భాగమే మార్చుకోవచ్చును, చేతిలో డబ్బు ఆడినప్పుడు మరొక స్పీకరు చేర్చుకోవచ్చును.

దుకాణంలో అమ్మకందారు మొదట చెప్పేది వాట్ల లెక్క. 1990లలో పి.ఎం.పి.ఓ. అనే అక్షరాలతో అరచేతి పరిమాణం గల పెట్టెలకు సైతం వేయి వాట్లు అంటగట్టిన సంగతి మన దేశంలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. నేటి కంపెనీలు అంత దూరం పోవు గాని, రెండు రకాల లెక్క ఇంకా నడుస్తున్నది. ఒక్క చానల్ మాత్రమే పనిచేస్తుండగా, ఒక్క 1,000 హెర్ట్జుల స్వరం మీద, 10 శాతం వికృతిని సహించి కొలిచిన సంఖ్య ఒకటి. రెండు చానళ్లూ పనిచేస్తుండగా, 20 నుంచి 20,000 హెర్ట్జుల వరకు, స్వల్ప వికృతితో కొలిచిన సంఖ్య రెండవది. అట్ట మీద పెద్ద అక్షరాలలో ఉండేది తరచుగా మొదటిది, నమ్మదగినది రెండవది.

అసలు ఎన్ని వాట్లు కావాలి? ఒక వాటు విద్యుత్తుకు ఒక మీటరు దూరంలో 86 డెసిబెళ్లు ఇచ్చే స్పీకరు సామాన్యమైనదే. ఎనిమిది అడుగుల దూరాన, గోడల ప్రతిధ్వని లెక్కించకపోయినా, ఆ ఒక్క వాటు 78 డెసిబెళ్లు అందిస్తుంది. మామూలు సంభాషణ 60 డెసిబెళ్లు మాత్రమే. వాట్లు రెండింతలు చేస్తే పెరిగేది 3 డెసిబెళ్లు. శబ్దం రెట్టింపైనట్లు చెవికి తోచాలంటే వాట్లు పదింతలు కావాలి. కనుక 70 వాట్ల రిసీవర్‌కు, 100 వాట్ల రిసీవర్‌కు మధ్య అంత చిన్న గదిలో తేడా దాదాపు లేదు. ఆ తేడా కోసం పెట్టే సొమ్ము స్పీకర్ల మీద పెట్టడం వివేకం.

అమ్మకందారు బాంబులు పేలే దృశ్యం వేసి చూపుతాడు. ఊహించుకున్న ఆ తండ్రి అక్కడే ఉంటే కూతురితో ఇలా అని ఉండేవాడు: “మోత మనకు కొత్తనా బిడ్డా? మాట ఇనిపియ్యమను.” రిసీవర్ ఎన్నికకు ఇంతకన్న మంచి సూత్రం మరొకటి లేదు. 5.1 అనే పద్ధతిలో ఐదు స్పీకర్లు, మందర ధ్వనికి ఒక సబ్‌వూఫర్ ఉంటాయి. సినిమాలో సంభాషణ అధిక భాగం వచ్చేది టెలివిజన్ కింద పెట్టే నడిమి స్పీకరు నుంచి. రిసీవర్‌లో ఆ ఒక్కదాని స్థాయిని మాత్రమే రెండు మూడు డెసిబెళ్లు పెంచుకునే వీలున్నది. ఫైటు పెరగకుండా మాట పెరుగుతుంది. చిన్న గదిలో మొదట ఎడమ, కుడి, నడిమి స్పీకర్లు మూడూ చాలు. వెనుక స్పీకర్లు లేవని రిసీవర్‌కు తెలియజేస్తే వాటి ధ్వనిని అది ముందు స్పీకర్లకు పంచుతుంది. ఏడు చానళ్లు, తొమ్మిది చానళ్లు, కప్పు మీది నుంచి ధ్వని కురిపించే అట్మాస్, ఇవన్నీ విశాలమైన గదుల ముచ్చట.

తరువాత చూడవలసినది తీగల సంగతి. టెలివిజన్‌లోని ధ్వని ఒకే హెచ్.డి.ఎం.ఐ. తీగ మీద రిసీవర్‌కు తిరిగి వచ్చే ఏర్పాటును ఏ.ఆర్.సి. అంటారు. ఇది 2009లో వెలువడిన 1.4 ప్రమాణంతో వచ్చినది. ఫోనులోనూ టెలివిజన్‌లోనూ సినిమాలు చూసే ఇంటికి అది ఉండి తీరాలి. అంతకు ముందరి పాత రిసీవర్ చౌకగా దొరికితే ఆప్టికల్ తీగతో నడిపించవచ్చును, ఇబ్బంది కొంచెం, పొదుపు హెచ్చు. ఐతే పాతది కొనేవారు మూడు పరీక్షలు చేయక తప్పదు. వెనుక పలక మీద 220–240 వోల్టులని ఉన్నదా చూడాలి. అమెరికా నుంచి వచ్చినది 120 వోల్టులకు, జపాను నుంచి వచ్చినది 100 వోల్టులకు తయారైనదై, మన కరెంటుకు కాలిపోవచ్చును. ప్రతి స్పీకరు రంధ్రాన్నీ విడివిడిగా మోగించి చూడాలి. అరగంట నడిపి, పై కప్పు చేయి పెట్టలేనంత వేడెక్కుతున్నదేమో గమనించాలి. స్పీకర్ల ఓములు రిసీవర్ కోరిన కనిష్ఠం కన్న తక్కువ కారాదనేది కొత్తదానికీ పాతదానికీ వర్తించే నియమం.

ఇక ఇరుగుపొరుగు. షిఫ్టుల పేటలో పగలు కూడా ఎవరో ఒకరికి రాత్రే. గోడకు అవతల రాత్రి షిఫ్టు దిగిన ఒడియా కార్మికుడు నిద్రపోతుంటాడు. 2000 నాటి శబ్దకాలుష్య నియమాలు నివాస ప్రాంతాలలో పగలు 55, రాత్రి పది తరువాత 45 డెసిబెళ్ల పరిమితి విధించాయి. గోడలు దాటిపోయేది ముఖ్యంగా మందర ధ్వని. కనుక సబ్‌వూఫర్ కొనుగోలు వాయిదా వేయడం డబ్బుకూ మంచిది, మర్యాదకూ మంచిది. పెద్ద శబ్దాన్ని అణచి చిన్న శబ్దాన్ని లేపే ‘నైట్ మోడ్’ చాలా రిసీవర్లలో ఉంటుంది. బలహీనమైన చెవికి అది పగలు కూడా మేలు చేస్తుంది. వానాకాలంలో ఖాడీలు పొంగి వీధులలోకి నీరు వచ్చే పేటలలో రిసీవర్‌ను నేల మీది బల్లపై కాక గోడ అరమీద, గాలి ఆడేటట్లు పెట్టడం 2006 నేర్పిన పాఠం.

ఒక్క సత్యం మాత్రం ఏ దుకాణంలోనూ చెప్పరు. మోతకు లోపలి చెవిలో నశించిన రోమకణాలు తిరిగి మొలవవు. యంత్రం మాటను దగ్గరకు తేగలదు గాని చెవిని తిరిగి ఇవ్వలేదు. రిసీవర్ కొనడానికి ముందు నగరపాలక వైద్యకళాశాల ఆసుపత్రి స్మీమెర్‌లోనో, న్యూ సివిల్ ఆసుపత్రిలోనో చెవి పరీక్ష చేయించుకోవడం అన్నిటికన్న చౌకైన పని. వినికిడి యంత్రమే అవసరమని తేలితే ఆ సొమ్ము మొదట దానికే చెందాలి. అది వీధిలోనూ, పెండ్లిలోనూ, మనుమల ముందూ పనిచేస్తుంది. రిసీవర్ పనిచేసేది ఒక్క గదిలోనే. శబ్దం వల్ల కలిగిన చెవుడును మన చట్టం వృత్తిరోగంగా గుర్తించినదన్న సంగతీ ఆ ఇంటివారు తెలుసుకోదగినది. ఇంకా షెడ్డులో పనిచేస్తున్న కొడుకు చెవులలో పెట్టుకునే చిన్న బిరడాల ధర ఒక స్పీకరు తీగ ధర కన్న హెచ్చు కాదు.

ఆదివారం సాయంత్రం లింబాయత్ వీధులలో వంట పొగ, అల్లం వాసన, ఇంటింటి టెలివిజన్ల చప్పుడు కలగలిసి ఉంటాయి. ఏదో ఒక ఇంట శబ్దం తగ్గించి ఉంటుంది, మాట మాత్రం తేటగా వస్తుంటుంది. హాస్యగాడు మాట పూర్తి చేసిన క్షణాననే మంచం మీది వృద్ధుడు నవ్వుతాడు. ఇతరుల ముఖాలు చూసి నవ్వడం కాదది. పక్క సందులో షిఫ్టు మారి, మగ్గాలు మళ్లీ అందుకుంటాయి.