పైచేయి

బలవంతులతో ఆడే బలహీనుల మీదే మనకెప్పుడూ జాలి. కాని చదరంగంలో నిజంగా జాలిపడవలసింది బలవంతుల మీదేనేమో అనిపిస్తుంది నాకు. చిన్నవాళ్ళు ఆట డ్రా చేస్తే చాలు, చప్పట్లు. పెద్దవాళ్ళు డ్రా చేస్తే, ‘అయ్యో, ఏమైంది!’ అంటారు. పోనీ, గెలిస్తే మెచ్చుకుంటారా? గెలవవలసినవాళ్ళేగా!

పైగా ఈ ఆటలో బలానికి ఓ అంకె ఉంది. ఆర్పాడ్ ఎలో అనే భౌతికశాస్త్ర ఆచార్యుడు కట్టిన లెక్కను ప్రపంచ చదరంగ సమాఖ్య 1970లో తీసుకుంది. తక్కువ రేటింగ్ వాళ్ళమీద గెలిస్తే వచ్చేది కొద్ది, ఓడితే పోయేది బోలెడు. పెద్దకోడలి వంటలాగా అన్నమాట. కుదిరితే మామూలే, ఉప్పెక్కువైతే పదేళ్ళు చెప్పుకుంటారు!

2025 జూలైలో జార్జియాలోని బటూమిలో మహిళల ప్రపంచ కప్ ఫైనల్ జరిగింది. ఒకపక్క గుడివాడలో పుట్టిన మన కోనేరు హంపి, 38 ఏళ్ళు, 2002లోనే గ్రాండ్‌మాస్టర్. ఎదుట నాగపూర్ అమ్మాయి దివ్యా దేశ్‌ముఖ్, 19 ఏళ్ళు. హంపికి ఆ హోదా వచ్చేనాటికి ఈ పిల్ల పుట్టనేలేదు. రేటింగ్‌లోనూ హంపిదే పైచేయి. రెండు పెద్ద ఆటలూ డ్రా. 28వ తేదీన టైబ్రేక్. మొదటి ర్యాపిడ్ ఆటా డ్రాయే. రెండోదానిలో గడియారం తరుముతుంటే హంపి తడబడింది. నల్లపావులతో ఆడిన దివ్య గెలిచి, తల్లిని పట్టుకుని ఏడ్చేసింది. గ్రాండ్‌మాస్టర్ హోదా కూడా ఆ గెలుపుతోనే వచ్చింది.

అందరి కళ్ళూ దివ్యమీదే. న్యాయమే మరి. నా కళ్ళు మాత్రం హంపిమీదే ఉండిపోయాయి. నలభై దాటినదాన్ని కదా!

ధర్పల్లిలో బీడీలు చేసే ఓ పెద్దావిడతో ఈ మాట అన్నాను. చేటలోని తునికాకు మీంచి చూపు తిప్పకుండానే అందామె:

“దాన్కేమున్నదమ్మా! నా కోడలికి నేనే నేర్పిన. ఇప్పుడు నాకన్న ముందుగాల దాని చేటనే నిండుతది. అట్లని నేను బీడీలు చేసుడు బంద్ జేస్తనా?”

హంపి కూడా బంద్ చేసే మనిషి కాదు. తల్లయి తిరిగి వచ్చాక 2019లో మాస్కోలో ప్రపంచ ర్యాపిడ్ టైటిల్ గెలిచింది. 2024లో న్యూయార్క్‌లో మళ్ళీ గెలిచింది. అంతటి మనిషి ఎదురుగా కూర్చుని గట్టిగా ఆడబట్టే కదా, దివ్య గెలుపుకి ఆ విలువ! ఊరికే ఇచ్చేస్తే అది గెలుపెలా అవుతుంది?

మన కూతుళ్ళకూ కోడళ్ళకూ మనం చేయగలిగింది కూడా అదేననుకుంటాను. వాళ్ళు గెలిచేదాకా మన ఆట మనం మనసుపెట్టి ఆడడం.