బొమ్మలేని అట్ట

నేను పాత డిటెక్టివు పుస్తకాలు పోగుచేస్తానంటే సాహిత్య మిత్రులు నవ్వుతారు. నవ్వనివ్వండి. కొమ్మూరి సాంబశివరావు యుగంధర్‌నూ, టెంపోరావునూ పట్టుకుని తెలుగు చదవడం మరిగినవాళ్ళు మన సీమలో కోకొల్లలు. ‘త్వమేవాహం’ రాసిన ఆరుద్ర కూడా డిటెక్టివు నవలలు రాసినవాడే గదా!

చిలమత్తూరు గాలి పొడిగాలి. పుస్తకానికి బూజు పట్టదు, చెదలే శత్రువు. అందుకని అన్నిటినీ ఇనప ట్రంకు పెట్టెలో వేపాకు వేసి దాచాను. నిజం చెప్పాలంటే నాకు కథకంటె అట్టబొమ్మే ఇష్టం. సగం ముఖం నీడలో, చేతిలో పిస్తోలు, వెనక బెదిరిన ఆడమనిషి. అచ్చులో ఎర్రరంగు కాస్త పక్కకు జరిగి హంతకుడి పెదవి చెంపమీదికి ఎక్కుతుంది. బొమ్మ వేసినవాడి పేరు నా దగ్గరున్న వాటిలో చాలావాటిమీద లేదు. అచ్చు కార్మికుడి పేరు సరేసరి.

పోయిన వేసవిలో బెంగుళూరు అవెన్యూ రోడ్డులో ఒక పాత పుస్తకం దొరికింది. కొరవలు, ఎరుకలు, కైకాడీల చరిత్ర. మద్రాసు రైల్వే పోలీసు ఉద్యోగి పాపారావు నాయుడు 1900ల తొలినాళ్ళలో ఇంగ్లీషులో రాసింది. దీని అట్టమీద బొమ్మ లేదు. అవసరం కూడా లేదు. యుగంధర్ నవలలో హంతకుడెవడో చివరి పుటదాకా తెలియదు; ఇందులో పుట్టుకతోనే తెలిసిపోతుంది. నేరస్థ జాతుల చట్టాన్ని తెల్ల ప్రభుత్వం 1871లో చేసింది, 1911లో మద్రాసు రాజధానికి విస్తరించింది. 1913లో స్టూవర్టుపురం సెటిల్మెంటు వెలిసింది. 1952లో గాని ఆ చట్టం దేశమంతటా రద్దు కాలేదు.

నెల జీతంలో మూడోవంతు పోసి కొన్నాను. అరుదైన సరుకు దొరికిందన్న గర్వంతో బల్లమీద పెట్టుకున్నాను. నోట్సుకోసం వచ్చిన ఒక విద్యార్థి, ఎరుకల కుర్రాడు, పేరు చదివి ఆగిపోయాడు.

“ఇది మా గురించేనా సార్?”

“పోలీసులు మీ గురించి రాసుకున్నది.”

“మా జేజినాయన వాళ్ళ నాయన రోజూ రాత్రి ఠాణాకు పోయి హాజరు చెప్పొచ్చేవాడంట సార్. ఒకసారి ఇస్తారా?”

ఇవ్వడానికి నాకు మనసు రాలేదు. ఈ మాట దాచను. నేను అరుదనుకున్నది అతని ఇంటి సంగతి. ఇచ్చాను.

రెండు నెలలయింది. మొన్న కాలేజీలో ఎదురైతే నోరాగక అడిగాను.

“అవ్వకు తెలుగు చేసి చదివి వినిపిస్తున్నా సార్. అబద్ధం వచ్చినచోటల్లా పెన్సిలుతో గీత కొట్టమంటోంది. కొట్టొచ్చునా?”

పాత పుస్తకంమీద గీత అంటే పోగుచేసేవాడి ప్రాణం విలవిల్లాడుతుంది. కొట్టమన్నాను.