చందా ఉత్తరం

2007 అక్టోబరులో మా ఇంటికో కవరొచ్చింది. ఈమెయిలు కాదండీ, చేత్తో రాసిన ఉత్తరం. రాసింది మా స్నేహితుడి కూతురు. మిడ్‌వెస్ట్‌లో ఒక జెసూట్ యూనివర్సిటీలో సెకండియర్ చదువుతోంది అప్పుడు. "అంకుల్, ఆంటీ, నవంబరులో మేం నలభై మందిమి బస్సులో జార్జియా వెళ్తున్నాం, ఫోర్ట్ బెన్నింగ్ గేటు ముందు జరిగే నిరసనకి. మనిషికి నూట ఎనభై డాలర్లవుతుంది. మీకు తోచినంత ఇవ్వండి. ఇవ్వలేకపోతే ఉత్తరం చివరిదాకా చదవండి, చాలు" అని. అంతా ఇంగ్లీషే లెండి, సంతకం మాత్రం తెలుగులో, వంకర అక్షరాలతో.

చందాలు మనకి కొత్తేం కాదు. వినాయకచవితికి కుర్రాళ్ళు పుస్తకం పట్టుకుని గుమ్మంలో నించుంటే ఎంతో కొంత రాసి పంపించేస్తాం. ఎందుకని అడగం, తర్వాత లెక్కా అడగం. ఈ పిల్ల మాత్రం అడగకుండానే రెండు పేజీలు ఎందుకో రాసింది.

సంగతేమిటంటే, 1989 నవంబరు 16న ఎల్ సాల్వడార్ రాజధానిలో, జెసూట్లు నడిపే యూనివర్సిటీలోకి సైనికులు రాత్రివేళ చొరబడి ఆరుగురు ఫాదర్లని చంపేశారు. అందులో ఆ యూనివర్సిటీ రెక్టరు ఇగ్నాసియో ఎయాకురియా ఒకరు. వంటావిడ ఎల్బా రామోస్‌నీ, ఆవిడ పదహారేళ్ళ కూతురు సెలీనానీ కూడా వదల్లేదు. ఊళ్ళో కాల్పులు జరుగుతున్నాయి, ఫాదర్ల దగ్గరైతే భయం లేదనుకుని ఆ తల్లీకూతుళ్ళు ఆ రాత్రి అక్కడ పడుకున్నారు. ఆ హత్యల్లో పేర్లు బయటికొచ్చిన 26 మంది సైనికుల్లో 19 మంది, అమెరికా సైన్యం నడిపే స్కూల్ ఆఫ్ ది అమెరికాస్‌లో శిక్షణ తీసుకున్నవాళ్ళు. 1946లో పనామాలో పెట్టిన ఆ బడి 1984లో ఫోర్ట్ బెన్నింగ్‌కి వచ్చింది. 2001లో పేరు మార్చారు గానీ మూసెయ్యలేదు.

రాయ్ బూర్జ్వా అనే మేరీనోల్ ఫాదరు 1990లో కొద్దిమందితో ఆ గేటు దగ్గర నిరాహారదీక్ష చేశారు. అక్కణ్ణుంచి పెరిగి పెరిగి ఏటా వేలమంది రావడం మొదలైంది. తెల్లటి శిలువలు పట్టుకుని నడుస్తారట. చనిపోయినవాళ్ళ పేర్లు ఒక్కొక్కటే చదువుతుంటే అందరూ "ప్రెసెంతే" అంటారట. మనం బడిలో హాజరు పలికామే, అదే మాట.

చెక్కు రాద్దామని కూర్చున్నానో లేదో, వాళ్ళ నాన్న ఫోను. "అన్నగారూ, మీకూ వచ్చిందా ఉత్తరం? దండం పెడతాను, డబ్బులివ్వకండి. డబ్బు పోగవకపోతే అదే మానుకుంటుంది."

అతని భయం ఊరికే వచ్చింది కాదు. ఆ జూలై మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. వీసా బులెటిన్‌లో అన్ని డేట్లూ కరెంటు అన్నారు, జూలై 2న కాదు పొమ్మన్నారు, మళ్ళీ 17న సరే రండన్నారు. మెడికల్ టెస్టులకి పరుగులెత్తి, ఇంట్లో నలుగురివీ 485లు ఆగస్టులో పంపి ఊపిరి పీల్చుకున్నాడు. ఎప్పుడైనా అరెస్టయ్యారా అని ఆ ఫారంలోనే ఒక ప్రశ్న ఉంటుంది. అమ్మాయి ఇతని మీద డిపెండెంటు. "అయినా చర్చివాళ్ళ గొడవ మనకెందుకండీ" అని కూడా అన్నాడు.

"నువ్వు ఇంటర్ చదివిన లయోలా ఎవరిదనుకున్నావు తమ్ముడూ? 1953లో బెజవాడలో దాన్ని పెట్టింది ఈ జెసూట్లే కదా. పోనీ అది వదిలెయ్, జూలైలో ఇమిగ్రేషన్ ఆఫీసుకి పూలగుత్తి పంపలేదూ నువ్వు? అదీ నిరసనేగా?" అన్నాను. ఆ పూల సంగతి మర్చిపోయినవాళ్ళ కోసం: బులెటిన్ వెనక్కి తీసుకున్నందుకు మనవాళ్ళు గాంధీగిరీ అంటూ వందల పూలగుత్తులు పంపారు. ఆ పూలని సైనికుల ఆస్పత్రికి మళ్ళించారు.

"అది వేరండీ. అది మన పని."

నాకు ఆ మాట దగ్గరే పేచీ. మన పని కోసం మనం ఎలాగూ కదులుతాం. తనకేమీ కాని సెలీనా కోసం ఈ పిల్ల పద్నాలుగు గంటలు బస్సులో కూర్చుంటానంటోంది. దాన్ని డబ్బు లేకుండా చేసి ఆపడం నాకు నచ్చలేదు. అలాగని పదేళ్ళుగా ఎదురుచూసిన కాగితాలు నా యాభై డాలర్ల వల్ల చిక్కుల్లో పడినా బాగుండదు.

అందుకని అమ్మాయికే ఫోన్ చేశాను. "ఒక్కటి చెప్పమ్మా. గేటు దాటతావా?"

"లేదంకుల్. బయట రోడ్డు సిటీది, పర్మిట్ ఉంది. కంచె దాటి లోపలికెళ్తేనే ఫెడరల్ కేసు, ఆర్నెల్ల దాకా జైలు. కొందరు తెలిసే వెళ్తారు. మా బస్సులో సిటిజన్లు కానివాళ్ళం ముగ్గురం ఉన్నాం, కంచె దగ్గరికే పోం. నాన్నకి చెప్పబోతే వినలేదు. నాన్నకి ఇష్టం లేని పనికి నాన్న డబ్బు వాడకూడదనే అందరికీ రాస్తున్నా."

చెక్కు పోస్టు చేసే ముందే అతనికి చెప్పాను. "మీ ఇష్టం" అన్నాడు. మనవాళ్ళు 'మీ ఇష్టం' అంటే అర్థమేమిటో మీకు చెప్పక్కర్లేదు. సంక్రాంతి దాకా ఫోన్ లేదు.

డిసెంబరులో లెక్క వచ్చింది. ఎవరెంత ఇచ్చారు, బస్సుకెంత, భోజనాలకెంత, మిగిలిన పదకొండు డాలర్లు ఏం చేసిందీ, అన్నీ. దాతల్లో వాళ్ళమ్మ పేరు కూడా ఉంది, నలభై డాలర్లు. తను పట్టుకున్న శిలువ మీద సెలీనా పేరుందని రాసింది. అరెస్టూ గొడవా ఏమీ లేవు. గ్రీన్‌కార్డుకి ఇంకో ఏడేళ్ళు పట్టిందనుకోండి, దానికి కారణం ఈబీ త్రీ, బస్సు కాదు.

ఇప్పుడు అలాంటి ఉత్తరమొస్తే గేటు దాటతావా అన్న ఒక్క ప్రశ్నతో సరిపెట్టుకోలేనేమో. 2025లో మాట్లాడినందుకే, రాసినందుకే విదేశీ విద్యార్థుల వీసాలు రద్దవడం చూశాం. అతను ఈ రోజు ఫోన్ చేస్తే ఇంకాస్త ఎక్కువసేపు వింటాను. చెక్కు రాయనని మాత్రం అనను.

జెసూట్ కాలేజీల పిల్లల సభ 2010లో వాషింగ్టన్‌కి మారింది. గేటు దగ్గర జరిగే పెద్ద నిరసన 2016లో మెక్సికో సరిహద్దున నొగాలెస్‌కి వెళ్ళింది. 2020 సెప్టెంబరులో స్పెయిన్ కోర్టు, ఆ హత్యల కేసులో మొంటానో అనే మాజీ కర్నల్‌కి 133 ఏళ్ళ శిక్ష వేసింది. ఆ వార్త నాకు పంపింది ఈ అమ్మాయే. శిక్ష పడింది స్పెయిన్‌లో పుట్టిన అయిదుగురు ఫాదర్ల హత్యలకి. కింద ఒక్క వాక్యం రాసింది: "ఎల్బా, సెలీనా ఈ లెక్కలో లేరు అంకుల్."